వాన చప్పుడు మీ వయొలిన్‌కు పక్కవాద్యం కాదు

ప్రశ్న: పదిహేనేళ్లుగా వయొలిన్ వాయిస్తున్నాను. కచేరీలు చేస్తాను, స్టూడియో రికార్డింగులకు వెళ్తాను. ఏడాది క్రితం చేతిలో ఇమిడే చిన్న రికార్డర్ ఒకటి కొన్నాను. అప్పటినుంచి వాన, రైళ్లు, తలుపుల కిర్రు, రాత్రిపూట ఫ్యాన్ల మోత, ఏది వినబడితే అది రికార్డు చేస్తున్నాను, చాలావరకు రెండు మూడు నిమిషాల చొప్పున. వాటిమీద వయొలిన్ వాయించి కొన్ని ట్రాకులు చేశాను. రెండు మీకు పంపుతున్నాను. విన్నవాళ్లు బాగున్నాయంటున్నారు. నాకు మాత్రం ఆ శబ్దాలన్నీ వెనక వేలాడదీసిన తెరలా అనిపిస్తున్నాయి. సౌండ్ ఆర్ట్, అంటే శబ్దాన్నే ముడిసరుకుగా చేసుకునే కళ వైపు వెళ్లాలని గట్టిగా ఉంది. కానీ నేను చేసేది సంగీతమేనా? సాధన తగ్గిపోతోందని మా గురువుగారు బాధపడుతున్నారు. ఇంకా మంచి మైకు కొంటే తేడా వస్తుందా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ ట్రాకులు రెండూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మొదటిదాంట్లో వాన ఒంటరిగా వినిపించినంతసేపూ చాలా బాగుంది. రేకు మీద పడే చినుకేదో, మట్టిలో పడే చినుకేదో స్పష్టంగా తెలుస్తోంది. చూరు నుంచి ఒక ధార ఆగి ఆగి కారుతోంది. ఇంతలో వయొలిన్ మొదలైంది, వాన ఒక్కసారిగా సన్నబడిపోయింది. వాద్యానికి అడ్డొస్తుందని మీరే తగ్గించి ఉంటారు. అక్కడినుంచి వానలో వినడానికి ఏమీ మిగల్లేదు. వాన పడుతోందన్న సమాచారం మిగిలిందంతే.

రెండోదాంట్లో రైలు చక్రాల చప్పుడును కంప్యూటర్లో సాగదీసి, కుదించి మీ తాళానికి సరిపెట్టారు. వంతెన మీదికి ఎక్కగానే రైలు గొంతు మారుతుంది, కింద ఖాళీ ఉందని చెవికి తెలిసిపోతుంది. వేగం తగ్గేకొద్దీ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతుంది. మీ సవరణలో ఈ రెండూ పోయాయి.

మీకు తెరలా అనిపించడానికి కారణం ఇదేనని నాకనిపిస్తోంది. బయటి శబ్దాన్ని మీరు పక్కవాద్యం చాపమీద కూర్చోబెడుతున్నారు. పక్కవాద్యం ప్రధాన కళాకారుడి ముఖం చూస్తూ వాయిస్తుంది. వాన ఎవరి ముఖమూ చూడదు. దాన్ని లొంగదీసుకోవడానికి మీ చేతిలో ఉన్నవి రెండే, తగ్గించడం, కత్తిరించడం. ఆ రెండూ చేశాక దానిలో దమ్ము ఎలా ఉంటుంది? అందుకే అసలు సలహా ముందే చెప్పేస్తున్నాను: కొంతకాలం పాటు ఏ రికార్డింగులోనూ వయొలిన్ కలపకండి. వాయించడం మానమనడం లేదు. రెండింటినీ విడివిడిగా పెంచమంటున్నాను. మళ్లీ కలిసే దారి ఉంది, కింద చెప్తాను.

ఇది సంగీతమేనా అని అడిగారు. ఈ ప్రశ్న మీద ఎక్కువ రోజులు ఖర్చుపెట్టొద్దని నా మనవి. 1952లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ రచన ఒకటి ప్రదర్శించినప్పుడు పియానో వాద్యకారుడు నాలుగు నిమిషాల ముప్పైమూడు సెకన్లు ఒక్క మెట్టూ నొక్కకుండా కూర్చున్నాడు, హాల్లోనూ బయటా వినిపించిందే ఆ రచన అయింది. వాదన అప్పటినుంచీ సాగుతూనే ఉంది, దాని ఫలితం కోసం ఎవరూ పని ఆపుకోలేదు. మీకు అంతకన్నా పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. వినేవాళ్లకు ఆ శబ్దం పుట్టిన చోటు గుర్తుండాలా, మరుగుకావాలా?

రైలునే తీసుకోండి. 1948లో పియర్ షెఫర్ అనే రేడియో ఇంజనీరు పారిస్‌లోని బాటిన్యోల్ స్టేషన్లో రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటిని డిస్కుల మీద ముక్కలు చేసి, కొన్ని ముక్కలు పదేపదే తిరిగేలా అమర్చి ఒక చిన్న రచన చేశారు. అదే ఏడాది అక్టోబర్ 5న ఫ్రెంచి రేడియోలో అది ప్రసారమైంది. శబ్దం దేనినుంచి పుట్టిందో పక్కన పెట్టి శబ్దాన్నే వినాలన్నది ఆయన పట్టుదల. ఎలా మొదలైంది, ఎంత గరుకుగా ఉంది, ఎక్కడ తెగింది అన్నవే ఆయనకు ముఖ్యం. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, ఆయనతో కలిసి పనిచేసిన లూక్ ఫెరారీయే దానికి పూర్తిగా ఎదురుదారి పట్టారు. ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న వెలా లూకా అనే చిన్న రేవులో కిటికీ దగ్గర మైకులు పెట్టి, తెల్లవారడాన్ని రోజుల తరబడి రికార్డు చేసి, ఇరవై నిమిషాల పైచిలుకు రచనగా తీర్చారు. 1970లో విడుదలైంది. అందులో పడవ మోటారు పడవ మోటారే, మనిషి గొంతు మనిషి గొంతే. ఒకే ఒక్క ఉదయాన్ని వింటున్నట్టుంటుంది, కానీ అది వేర్వేరు రోజుల ముక్కలతో కూర్చిన ఉదయం. అతుకు ఒక్కటీ దొరకదు.

మీ రైలు ఈ రెండింట్లో ఏదీ కాలేకపోయింది. రైలు అని గుర్తుపట్టేంతగా ఉంది, రైలులా నడవనివ్వలేదు. ఏ దారైనా పట్టండి, రెండూ గొప్ప దారులే. ఏ రికార్డింగుకు ఏ దారో ముందే తేల్చుకుని కూర్చోండి. నా మనసు ఫెరారీ వైపు మొగ్గుతుంది, అది దాచను. కానీ స్వరం, నాదం మీద మీకున్న పట్టు చూస్తే షెఫర్ దారి మీకు త్వరగా పట్టుబడుతుందేమో.

వాద్యం నుంచి ఇటు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో మీకు అందరికన్నా దగ్గరివారు పాలీన్ ఒలివెరోస్ అనుకుంటాను. ఆమెది అకార్డియన్, తిత్తిని చేతులతో సాగదీస్తూ మెట్లు నొక్కి వాయించే వాద్యం. 1953లో తల్లి ఆమెకు ఒక టేప్ రికార్డర్ కానుకగా ఇచ్చింది. ఒలివెరోస్ మైకును కిటికీలో పెట్టి రికార్డు చేసి, తర్వాత టేపు విన్నారు. రికార్డు చేస్తున్నంతసేపూ అక్కడే ఉండి తాను వినని శబ్దాలు అందులో ఉన్నాయి. చెవులు తెరిచే ఉన్నాయి, వినడం జరగలేదు. ఆనాటినుంచి ఎప్పుడూ అన్నిటినీ వినాలని, వినడం లేదని గమనించినప్పుడు మళ్లీ వినడానికి రావాలని తనకు తానే నియమం పెట్టుకున్నారు. జీవితాంతం ఆమె పని దాని మీదే నిలబడింది.

ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, శిక్షణ పొందిన సంగీతకారుల చెవికి ఒక అలవాటు ఉంటుంది. అది శ్రుతి ఉన్నదాన్ని ఏరుకుంటుంది, లేనిదాన్ని రొద అని వదిలేస్తుంది. కచేరీలో ఆ ఏరుకోవడమే మిమ్మల్ని కాపాడుతుంది. బయట అదే మీ కళ్లెదుట సగం ప్రపంచాన్ని మూసేస్తుంది. మీ వానలో నాకు బాగా నచ్చినది రేకుకూ మట్టికీ మధ్య తేడా. అందులో శ్రుతి లేదు, అందుకే మీరు దాన్ని అంత తేలిగ్గా తగ్గించగలిగారనుకుంటాను.

అలవాటు మారడానికి నేను చెప్పే పద్ధతి చాలా సాదా. ఒక చోటు ఎంచుకోండి. అందమైన చోటు అక్కర్లేదు, మళ్లీ మళ్లీ వెళ్లగలిగేది చాలు. మొదటి కొన్నిసార్లు రికార్డర్ లేకుండా వెళ్లి కూర్చోండి. అన్నిటికన్నా దూరపు శబ్దం ఏదో పట్టుకోండి, దాన్ని వదలకుండా దగ్గరి శబ్దాలకు రండి. ఆగకుండా మోగేది ఏది, వచ్చిపోయేది ఏది, ఆ చోటులో తప్ప ఇంకెక్కడా వినపడనిది ఏది అని మనసులో వేరుచేయండి. కెనడాలో స్వరకర్త ముర్రే షేఫర్ (పైన చెప్పిన పియర్ షెఫర్ వేరు), ఆయన బృందం 1970 దశకంలో ఊళ్ల శబ్దాలను చదివింది ఈ రకమైన విభజనతోనే. ఆ తర్వాతే రికార్డర్ తీసుకెళ్లండి. స్టాండు మీద పెట్టి ఇరవై నిమిషాలు ఆపకండి. మొదటి కొద్ది నిమిషాలు ఆ చోటు మీ రాకను గమనిస్తూ ఉంటుంది. పక్షులు మౌనంగా ఉంటాయి, మనుషులు మాట తగ్గిస్తారు. అసలైనది ఆ తర్వాత మొదలవుతుంది. మీ దగ్గరున్న రికార్డింగులు చాలావరకు రెండు మూడు నిమిషాలవే అని రాశారు. అంటే చోటు సర్దుకునేలోపే మీరు లేచి వచ్చేస్తున్నారు.

చివర్లో తేదీ, సమయం, స్థలం, గాలి ఎలా ఉందో మీ గొంతుతోనే చెప్పి ఆపండి. ఇంటికొచ్చాక ఆ అసలు ఫైలును ఎప్పటికీ ముట్టుకోకుండా దాచి, నకలు మీద పని చేయండి. ఇది గుమాస్తా పనిలా అనిపిస్తే బర్నీ క్రాస్ సంగతి వినండి. ఆయనా సంగీతం నుంచి వచ్చినవారే, తొలినాళ్ల సింథసైజర్ వాద్యకారుల్లో ఒకరు. 1988లో కాలిఫోర్నియా సియెరా నెవాడా కొండల్లో లింకన్ మెడో అనే పచ్చికబయలును తెల్లవారుజామున రికార్డు చేశారు. ఎంచిన చెట్లను మాత్రమే కొట్టే పద్ధతిలో అక్కడ కలప తీశారు, అడవికి నష్టం ఉండదన్నారు. ఏడాది తర్వాత అదే కాలంలో, అదే వేళకు వెళ్లి మళ్లీ రికార్డు చేశారు. కంటికి ఆ చోటు మారినట్టే లేదు. చెవికి మాత్రం పక్షుల సందడి దాదాపు పోయింది. తేదీ, వేళ, చోటు రాసిపెట్టుకుని ఉండకపోతే రెండు రికార్డింగులనూ పక్కపక్కన పెట్టే వీలే ఉండేది కాదు.

ఇక రూపం సంగతి. మీకు పల్లవి, చరణం తెలుసు, రాగ విస్తారం తెలుసు. శబ్దానికి ఆ చట్రాలు తొడగకుండా, అది నడిచే తీరులోంచే రూపాన్ని తీయడం నేర్చుకోవాలి. అసలు కష్టం ఇక్కడే. స్వరకర్త అనీయా లాక్‌వుడ్ 1982లో అమెరికాలోని హడ్సన్ నదికి శబ్దపటం చేశారు. నది కొండల్లో పుట్టిన చోటు నుంచి సముద్రంలో కలిసే దాకా ఒడ్డు వెంట ఎన్నో చోట్ల నీటిని రికార్డు చేసి ఆ క్రమంలోనే పేర్చారు. మొదలు, నడక, ముగింపు అన్నీ నదే ఇచ్చింది. రెండు గంటల పాటు నీళ్లే. ఓపికగా వింటే ఏ రెండు చోట్ల నీరూ ఒకేలా పలకదని తెలుస్తుంది. క్రిస్ వాట్సన్ కాలంతో పనిచేశారు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో క్యాబరే వోల్టేర్ అనే బ్యాండు పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. 1981లో బ్యాండు వదిలి టెలివిజన్‌లో సౌండ్ రికార్డిస్టుగా చేరారు, తర్వాత డేవిడ్ అటెన్‌బరో ప్రకృతి కార్యక్రమాలకూ పనిచేశారు. 2003లో ఆయన చేసిన 'వెదర్ రిపోర్ట్'లో ఒక భాగం, కెన్యాలోని మసాయి మారాలో పద్నాలుగు గంటలను పద్దెనిమిది నిమిషాల్లోకి కుదించినది. ఎక్కడ కోశారో వెతకడానికే ఒకసారి వినండి. వాద్యం మీద మీకు ఇన్నేళ్లు పట్టిన నేర్పు ఎలాంటిదో, ఆ కోతలో ఉన్నదీ అలాంటి నేర్పే.

కోసి అతకడం మోసమా అని కొందరు కొత్తవాళ్లు మథనపడుతుంటారు. మీరు అడగలేదు కానీ త్వరలో అడుగుతారు. స్వరకర్త హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ 1989లో వాంకూవర్ తీరం మీద చేసిన రచనలో దీన్ని ఎంతో చక్కగా ఎదుర్కొన్నారు. రాళ్లకు అంటుకున్న చిన్న చిన్న జీవుల చిటపటలను వినిపిస్తూ, వెనక నగరం రొదను స్టూడియోలో ఫిల్టర్లతో తగ్గించగలనని ఆమె గొంతే మనకు చెబుతుంది, చెబుతూ తగ్గించి చూపిస్తుంది. ఏం చేస్తున్నారో వినేవాళ్లకు తెలియాలనుకుంటే తెలియజేయడానికి ఇలాంటి దారులున్నాయి.

మైకు గురించి. ఇప్పుడే కొనకండి. ముందు చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు, రికార్డర్‌కు గాలిని ఆపే బొచ్చు తొడుగు, ఒక చిన్న స్టాండు కొనండి. బయట రికార్డింగులు పాడయ్యేది ఎక్కువగా గాలి తగలడం వల్ల, చేతి కదలికల వల్ల. మీ రెండో ట్రాకు మొదట్లో ఉన్న ఆ గుబగుబ గాలిదే. అది ఒకసారి పడ్డాక ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. ఇప్పుడు వస్తున్న 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లలో శబ్దం ఉన్నట్టుండి పెరిగినా రికార్డింగు చిట్లదు, నిజమే. గాలి నుంచి అవి కాపాడవు. మీ రికార్డర్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్ పెట్టుకుని, గట్టి శబ్దాలు దాని మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే వానకూ రైలుకూ అది ధారాళంగా సరిపోతుంది. కొత్త మైకు అవసరం ఎప్పుడు పడుతుందంటే, మీ మనసు నిశ్శబ్దమైన చోట్ల వైపు మళ్లినప్పుడు. అలాంటి చోట చిన్న రికార్డర్ తన సొంత హిస్‌తో, అంటే లోపలి బుస్సుమనే రొదతో, అంతా కప్పేస్తుంది. అప్పుడు మైకు వివరాల్లో సెల్ఫ్ నాయిస్ (మైకు సొంత రొద) అన్న అంకె చూసి, పది డెసిబెల్స్‌కు దిగువన ఉన్నదాన్ని ఎంచుకోండి.

ఒక్కటి మాత్రం ఇప్పుడే ప్రయత్నించమంటాను, కాంటాక్ట్ మైకు. వయొలిన్‌కు తగిలించే పికప్ చాలావాటిలో ఉండే పియెజో బిళ్లే, కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది, ఇందులోనూ ఉంటుంది. గాలిలోని శబ్దాన్ని పట్టుకోకుండా, అంటిపెట్టుకున్న వస్తువులోని కంపనాన్ని పట్టుకుంటుంది. ఇనప రెయిలింగుకు, నీళ్ల పైపుకు, కంచె తీగకు తగిలించి చూడండి. దీనికి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలికి వచ్చే సంకేతానికి ఎదురయ్యే నిరోధం) ఎక్కువగా, సుమారు ఒక మెగా ఓమ్ లేదా అంతకన్నా ఎక్కువ ఉండే ప్రీఆంప్, అంటే సంకేతాన్ని పెంచే పరికరం కావాలి, లేకపోతే మంద్రం అంతా పోయి రేకు మోతలా వస్తుంది. పికప్ ఎప్పుడైనా వాడి ఉంటే ఆ బాధ మీకు పరిచయమే అయి ఉంటుంది. ఆస్ట్రేలియాలో అలన్ ల్యాంబ్, వాడకం ఆగిపోయిన టెలిగ్రాఫ్ తీగలు గాలికి పాడే పాటను ఏళ్ల తరబడి రికార్డు చేశారు. బిగించిన పొడవైన తీగను గాలి ఒరుసుకుపోతుంటే దాని వెనక చిన్న సుడులు పుట్టి తీగను ఊపుతాయి. గాలి వేగం మారితే మోగే హార్మోనిక్ (తీగ మూల స్వరం పైన పలికే ఉపస్వరం) మారుతుంది. తీగ మీద హార్మోనిక్స్ వెతికిన వేళ్లు మీవి, ఇది వింటే ఎలా స్పందిస్తారో చూడాలని నాకు చాలా కుతూహలంగా ఉంది. కానీ కరెంటు తీగల దగ్గరికి, కరెంటు పారే కంచెల దగ్గరికి పొరపాటున కూడా వెళ్లకండి.

ఇప్పుడు వయొలిన్ తిరిగి వచ్చే దారి. ఒలివెరోస్ 1988లో అకార్డియన్ పట్టుకుని, ట్రాంబోన్ వాద్యకారుడు స్టువర్ట్ డెంప్‌స్టర్‌తో, గాయకుడు పనాయోటిస్‌తో కలిసి వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పాత భూగర్భ నీటి తొట్టిలోకి దిగారు. అక్కడ ఒక స్వరం ఆగిపోవడానికి 45 సెకన్లు పడుతుంది. ఇప్పుడు వాయించే స్వరం ఇందాకటి స్వరాల మీద పడుతుంది కాబట్టి, ఏది వాయించాలో ఎప్పుడు ఆగాలో సగం నిర్ణయం తొట్టిదే. తొట్టిని వెనక్కి నెట్టే వీలే లేదు. మీరూ ఈ రకంగా, ముందు రికార్డు చేసి తర్వాత స్టూడియోలో వయొలిన్ కలపడం మాని, ఆ చోటుకే వయొలిన్ తీసుకెళ్లండి. మెట్లబావి లాంటి చోటో, ఖాళీ గోదామో, వంతెన కిందో నిలబడి ఒక స్వరం వాయించి, అది పూర్తిగా పోయేదాకా వినండి. రెండో స్వరం మొదటిదాని జవాబు విన్నాకే. ఇంట్లోనే చేయగలిగినది ఇంకొకటి ఉంది. 1969లో స్వరకర్త ఆల్విన్ లూసియర్ ఒక గదిలో కూర్చుని కొన్ని వాక్యాలు మాట్లాడి రికార్డు చేసి, దాన్ని అదే గదిలో స్పీకరులో వినిపిస్తూ మళ్లీ రికార్డు చేసి, ఆ కొత్తదాన్ని మళ్లీ వినిపించి మళ్లీ రికార్డు చేశారు. ప్రతిసారీ గది తనకు అనునాదం ఉన్న పౌనఃపున్యాలనే బలపరుస్తుంది, మిగతావి అరిగిపోతాయి. చివరికి మాటలు పోయి గది స్వరాలు మిగులుతాయి. మీరు మాటకు బదులు చిన్న రాగ సంచారం ఒకటి వాయించి చేసి చూడండి. మీరు రోజూ సాధన చేసే గది ఇన్నేళ్లూ ఏ స్వరాన్ని మీకు తెలియకుండా మోస్తోందో బయటపడుతుంది.

మనుషుల గొంతులు రికార్డు చేసినప్పుడు అనుమతి అడగండి. అడగడంతో ఆగకండి, వాళ్లకు వినిపించండి. మానవశాస్త్రవేత్త స్టీవెన్ ఫెల్డ్ పపువా న్యూ గినీ అడవుల్లో కలూలి ప్రజల దగ్గర ఏళ్లపాటు పనిచేసినప్పుడు రికార్డింగులు వాళ్లకే వినిపించి, వాళ్లేమంటారో విని, దాని ప్రకారం తన పనిని దిద్దుకునేవారు. ఆ అడవిని పుట్టినప్పటినుంచి వింటున్నది వాళ్లే కాబట్టి ఆ దిద్దుబాటు వల్ల రికార్డింగుకే మేలు జరిగింది.

మీ గురువుగారి బాధను పాతకాలపు పట్టుదలగా చూడకండి. వేళ్లకు సాధన తగ్గితే వాద్యం ఊరుకోదని ఆయనకు తెలుసు. పొద్దుటి సాధన వేళను రికార్డర్‌కు ఇవ్వకండి, ఆ గంటలు వయొలిన్‌వే. ఒలివెరోస్ చివరిదాకా అకార్డియన్ వదల్లేదు. ఆయనతో వాదనకు దిగేబదులు, వయొలిన్ కలపకముందున్న ఆ వాన రికార్డింగును ఆయనకు హెడ్‌ఫోన్లలో వినిపించండి, ఏమీ వివరించకుండా. ఇన్నేళ్లు మీ చెవికి పదును పెట్టిన మనిషి, ఆ రేకు చినుకును ఆయన వినకుండా ఉంటారా!

డబ్బు విషయంలో దాపరికం లేకుండా చెప్పాలంటే, సౌండ్ ఆర్ట్ తిండి పెట్టడానికి చాలాకాలం పడుతుంది, కొందరికి ఎప్పటికీ పెట్టదు. కచేరీలు, స్టూడియో పని వదలకండి. గ్యాలరీల కోసం ఎదురుచూడకుండా రికార్డింగులను నలుగురికీ వినిపించే చోట్లు ఉన్నాయి. బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్‌లో ఎవరైనా శబ్దాలు ఉంచవచ్చు, ఏ షరతులతో వాడుకోవాలో మీరే ఎంచుకోవచ్చు. రేడియో అపొరీ అనే శబ్దపటంలోనైతే రికార్డింగు అది పుట్టిన చోటికే అతుక్కుని ఉంటుంది, పటం మీద ఆ చుక్కను నొక్కినవాళ్లకు ఆ చోటు వినిపిస్తుంది. మీరు మొదట తయారుచేసే ఇరవై నిమిషాలనూ ముందు అక్కడ పెట్టండి, ఆ లంకె నాకు పంపండి.